కుక్క కరిచిన మూడో రోజు జ్వరం: రేబిస్ భయం చాటున పెరిగిన సెప్సిస్

రోగి ఎవరో గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ వదిలేశాను, కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను. కుక్క కరిచిందంటే ఇంట్లోవాళ్లకైనా డాక్టర్లకైనా మొదట గుర్తొచ్చేది రేబిస్. రావాల్సిందే కూడా. అయితే ఆ ఒక్క భయమే మనసంతా నిండిపోయి, కాటు పడిన మొదటి వారంలో ప్రాణం తీయగల మరో ప్రమాదం, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి అవయవాలు దెబ్బతినడం), ఎలా కళ్లెదుటే తప్పించుకు పోతుందో ఈ కేసు చూపిస్తుంది.

నేపథ్యం

యాభై దాటిన మనిషి. షుగర్ లేదు, బీపీ లేదు, మద్యం అలవాటు లేదు, రోజూ వేసుకునే మందులూ లేవు. తెలిసినవాళ్ల పెంపుడు కుక్క నోట్లో ఏదో అడ్డం పడితే తీయబోయారు. అది బెదిరి కరిచింది. కుడి బొటనవేలి మొదట్లో రెండు పంటిగాట్లు, కాస్త రక్తం. కుళాయి కింద చెయ్యి కడుక్కుని, ఆ సాయంత్రమే దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్లారు. అక్కడ ధనుర్వాతం ఇంజెక్షన్, రేబిస్ టీకా మొదటి డోసు వేసి, మూడో రోజు మళ్లీ రమ్మన్నారు. ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలు) వేయలేదు, యాంటీబయాటిక్ రాయలేదు. కుక్క పెంపుడుది, గాయం చిన్నది, మనిషి ఆరోగ్యంగా ఉన్నారు అన్నది వాళ్ల లెక్క.

"మీకేమైనా జబ్బులున్నాయా?" అని అక్కడ అడిగారట. "ఏమీ లేవండీ" అన్నారట ఈయన. ఈ కేసంతా ఆ ప్రశ్న దగ్గరా ఆ జవాబు దగ్గరా తిరుగుతుంది.

ఒంట్లో బాగోలేదంటూ వచ్చినప్పుడు

రెండో రోజు రాత్రి వణుకుతో జ్వరం పట్టుకుంది. ఒళ్లంతా నొప్పులు, రెండు వాంతులు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే, టీకా వేశాక జ్వరం మామూలేనని, పారాసిటమాల్ వేసుకోమని చెప్పారు. పారాసిటమాల్‌తో రెండు గంటలు తగ్గినట్టే ఉండి మళ్లీ వణుకు మొదలైంది. తెల్లారేసరికి విరేచనాలు కూడా. ఇంట్లో ఉన్న అజిత్రోమైసిన్ మాత్ర ఒకటి వేసుకున్నారు. ఆ ఓపికలేనితనంతోనే రెండో డోసు టీకా కోసం మా ఆసుపత్రికి వచ్చి వరుసలో కూర్చున్నారు.

టీకా వేయడానికి చొక్కా చెయ్యి పైకి జరుపుతున్న సిస్టర్‌కి ఆయన ముంజేయి చల్లగా తగిలింది. బయట చూస్తే జ్వరం, పట్టుకుంటే చేతులు చల్లన. మోచేతి కింద ఊదారంగు చుక్కలు నాలుగైదు కనిపిస్తే వేలితో నొక్కి చూసింది. పాలిపోలేదు, అంటే చర్మం కింద రక్తం చిమ్ముతోంది. చేతిలోని సూది ట్రేలో పెట్టేసి, చక్రాల కుర్చీ తెప్పించి నేరుగా ఎమర్జెన్సీకి తీసుకొచ్చింది. ఆయన బతకడానికి కారణాలు వరుసగా రాయాలంటే మొదట రాయాల్సింది ఇదే.

మా దగ్గరికి వచ్చేసరికి బీపీ 84/50, నాడి 132, శ్వాస నిమిషానికి 30, జ్వరం 102 డిగ్రీల ఫారెన్‌హీట్. మాట తడబడటం లేదు కానీ జవాబు చెప్పడానికి ఆలస్యమవుతోంది. చేతి గాయం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రెండు నల్లటి చుక్కలు, చుట్టూ కొంచెం ఎర్రదనం, అంతే. చీము లేదు, వాపు లేదు, నొక్కితే నొప్పి కూడా పెద్దగా లేదు. ఇంత జబ్బుకి ఇంత చిన్న గాయం కారణమా అని ఎవరికైనా అనుమానం వస్తుంది.

పక్కన నిలబడ్డ ఆయన భార్య నన్ను అడిగిన మొదటి మాట, "రేబిస్ వచ్చేసిందా డాక్టర్‌గారూ?" రాత్రంతా ఆవిడ ఆయన నీళ్లు తాగుతున్నారా లేదా అని గ్లాసు పట్టుకుని చూస్తూనే ఉన్నారట. "లేదమ్మా, ఇంత త్వరగా రాదు" అని చెప్పి, ఆవిడ ఎదుటే ఆయనకి నీళ్లిచ్చాం. గటగటా తాగి ఇంకా కావాలన్నారు. ధైర్యం చెప్పడానికి మాత్రమే అన్న మాట కాదది. రేబిస్ వైరస్ గాయం నుంచి నరాల వెంట మెదడు దాకా పాకాలి. సాధారణంగా అందుకు రెండు మూడు నెలలు పడుతుంది. వారంలో రావడం, ఏడాది తర్వాత రావడం రెండూ అరుదు. కరిచిన రెండో రోజు వచ్చే చలిజ్వరానికి కారణం వేరే ఉండాలి.

ఆలోచన ఎటు నడిచింది

ముందు టీకా జ్వరం సంగతి. రేబిస్ టీకా తర్వాత కొందరికి ఒళ్లు వెచ్చబడుతుంది, సూది వేసినచోట నొప్పి ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. బీపీ పడిపోవడం, ఒంటి మీద నొక్కినా పోని మచ్చలు రావడం దాని లక్షణాలు కావు. అజిత్రోమైసిన్ వేసుకున్నా ఫలితం లేకపోవడం వింతేమీ కాదు. నడుస్తున్న సెప్సిస్‌ని ఒక మాత్ర ఆపలేదు.

ప్లేట్‌లెట్లు 31 వేలని రిపోర్టు రాగానే మా జూనియర్ డాక్టర్ డెంగీ అన్నాడు. జ్వరం, ఒంటినొప్పులు, మచ్చలు, ప్లేట్‌లెట్లు తగ్గడం ఉన్నాయి కాబట్టి ఆ ఆలోచన తప్పు కాదు. పరీక్షకు పంపాం, మలేరియాకీ పంపాం. ఫలితం వచ్చేదాకా ఆగకపోవడానికి కారణం, డెంగీలో షాక్ (బీపీ పడిపోయి అవయవాలకి రక్తం అందకపోవడం) సాధారణంగా జ్వరం దిగే సమయంలో, నాలుగో రోజు ఆ తర్వాత వస్తుంది. ఈయనకి జ్వరం మొదలై ఒక్క రోజు కూడా పూర్తిగా గడవలేదు. అంత వేగంగా కూలదోసేది బ్యాక్టీరియానే అయి ఉంటుందనిపించింది. రెండూ తర్వాత నెగెటివ్ వచ్చాయి.

కాటు వల్లే అనుకుంటే ఏది? కుక్క, పిల్లి కాట్లలో తరచుగా కనిపించేది పాస్చురెల్లా. అది ఒక్క రోజులోపే గాయాన్ని ఎర్రగా ఉబ్బిస్తుంది, విపరీతంగా నొప్పి పుట్టిస్తుంది. ఈయన గాయం ఆ పోలికలో లేదు. గాయం ప్రశాంతంగా ఉండి మనిషి కూలిపోతుంటే నా మనసు వెళ్లేది క్యాప్నోసైటోఫేగా కేనిమోర్సస్ వైపు. 1976లో వైద్యులు మొదటిసారి వర్ణించిన బ్యాక్టీరియా ఇది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల, పిల్లుల నోళ్లలో మామూలుగానే ఉంటుంది. కాటు పడినవాళ్లలో అత్యధికులకు ఏమీ చేయదు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి, కాలేయం గట్టిపడినవాళ్లకి, మద్యం ఎక్కువగా తాగేవాళ్లకి, ప్లీహం (స్ప్లీన్) లేనివాళ్లకి రక్తంలోకి పాకితే పదిమందిలో ముగ్గురి దాకా చనిపోతారు.

ఈయన ఈ జాబితాలో ఎక్కడా లేరే అనుకుంటూ పొట్ట పరీక్షించడానికి బట్ట తీస్తే, బొడ్డు పైనుంచి నిలువునా పాత కుట్ల మచ్చ. "ఇదేంటండీ?" అంటే, "అదా, పదేళ్ల పైమాట. యాక్సిడెంట్‌లో లోపల ఏదో పగిలితే తీసేశారు. తర్వాత ఏ ఇబ్బందీ లేదు" అన్నారు. తీసేసింది ప్లీహం.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో జబ్బంటే మందులు వాడేది. ఎప్పుడో ఆపరేషన్ అయింది, కోలుకున్నారు, అది జబ్బెలా అవుతుంది? అందుకే, కరిచిందంటూ వచ్చినవాళ్లని జబ్బులున్నాయా అని అడిగితే చాలదంటాను. ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా, ప్లీహం తీసేశారా, స్టెరాయిడ్లు గానీ క్యాన్సర్ మందులు గానీ వాడుతున్నారా, మద్యం ఎంత తాగుతారు అని విడివిడిగా అడగాలి. పొట్ట మీద మచ్చ కనబడితే దేనికని అడగాలి.

ప్లీహం రక్తానికి జల్లెడ లాంటిది. రక్తంలో తిరిగే బ్యాక్టీరియాని పట్టి ఏరేస్తుంది, వాటిపై తొలి ప్రతిరక్షకాలు తయారుచేయడంలో పెద్ద పాత్ర దానిదే. అది లేనివాళ్లలో ఇన్ఫెక్షన్ మొదలైతే ఉదయం జ్వరం, సాయంత్రం షాక్ అన్నంత వేగంగా నడుస్తుంది. ఆ ప్రమాదం ఆపరేషన్ అయిన ఒకటి రెండేళ్లతో తీరిపోదు, జీవితాంతం ఉంటుంది.

రక్తపు స్మియర్‌ని (గాజు పలక మీద పల్చగా పరిచిన రక్తపు చుక్కని) యంత్రానికి వదిలేయకుండా మైక్రోస్కోప్ కింద చూడమని ల్యాబ్‌కి ఫోన్ చేశాం. ఎర్రకణాల్లో హోవెల్-జాలీ బాడీలు కనిపించాయి, ప్లీహం లేదనడానికి గుర్తు అవి. కొన్ని తెల్లకణాల లోపల సన్నగా పొడుగ్గా ఉన్న బ్యాక్టీరియా కూడా కనిపించింది. కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్ష) రావడానికి రోజులు పట్టే జబ్బులో అరగంటలో దొరికిన ఆధారమది.

చేసిన వైద్యం

రెండు చోట్ల నుంచి రక్తం కల్చర్‌కి తీసి, మొదటి గంటలోపే యాంటీబయాటిక్ పెట్టాం. ఏది పెట్టాలన్న దగ్గర కొంత చర్చ జరిగింది. ప్లీహం లేనివాళ్లకి వచ్చే సెప్సిస్‌లో న్యుమోకోకస్‌ని (న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా) ఎప్పుడూ మరచిపోకూడదు, మెనింజోకోకస్‌నీ (మెదడు పొరలకి సోకేది). కాటు బ్యాక్టీరియా మాత్రమే అనుకుని ఇరుకు మందు (కొన్ని రకాల బ్యాక్టీరియా మీదే పనిచేసేది) పెడితే, ఊహ తప్పినప్పుడు రోగిని పోగొట్టుకుంటాం. క్యాప్నోసైటోఫేగాల్లో కొన్ని పెన్సిలిన్‌ని విరిచేసే బీటా-లాక్టమేజ్ అనే ఎంజైమ్ తయారుచేస్తాయి కాబట్టి ఒట్టి పెన్సిలిన్‌ని నమ్మలేం. జెంటామైసిన్ దీని మీద సరిగా పనిచేయదు, పైగా కిడ్నీలు అప్పటికే దెబ్బతింటున్నాయి, వాటి పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.6కి పెరిగింది. పిపరాసిలిన్-టాజోబాక్టమ్ మంచి మందే. తలనొప్పి ఉంది, మెదడు పొరలకి సోకిందేమో తెలియదు, ప్లేట్‌లెట్లు అంత తక్కువున్నప్పుడు వెన్నునీరు తీయలేం. అందువల్ల మెదడు పొరల్లోకీ బాగా చేరే మెరోపెనెమ్ ఎంచుకుని, న్యుమోకోకస్ కోసం వాంకోమైసిన్ కలిపాం. తర్వాత తగ్గించుకోవచ్చన్న ఆలోచనతోనే వెడల్పుగా మొదలుపెట్టాం.

ఫలించనివి

సెలైన్‌తో బీపీ లేస్తుందని ఆశించాం. బరువుని బట్టి కిలోకి 30 మిల్లీలీటర్ల చొప్పున ఇచ్చినా నిలబడలేదు. రక్తనాళాలను బిగించి బీపీ పెంచే నోరాడ్రినలిన్ మొదలుపెట్టాం, మోతాదు పెంచుతూ పోయాం. రాత్రి పదింటికి మూత్రం దాదాపు ఆగిపోయింది. ఊదారంగు మచ్చలు కాళ్లకి పాకి, రెండు పాదాల వేళ్లూ నల్లబడసాగాయి. రక్తం చిన్న నాళాల్లో గడ్డకడుతూ, మరోవైపు గడ్డకట్టే పదార్థాలు అయిపోతున్న దశ అది.

అప్పుడొచ్చిన ప్రశ్న స్టెరాయిడ్. రక్తనాళాలను బిగించే మందుకి లొంగని సెప్టిక్ షాక్‌లో రోజుకి 200 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇస్తాం. కానీ ఈయన రేబిస్ టీకా కోర్సు మధ్యలో ఉన్నారు, స్టెరాయిడ్ వల్ల టీకాకి శరీరం స్పందించడం తగ్గొచ్చు. ఒకదాన్ని కాపాడుకోబోతే ఇంకొకటి చేజారుతుందేమోనన్న భయం. స్టెరాయిడ్ ఇవ్వాలనే నిర్ణయించాం. షాక్ ఆ రాత్రి చంపేస్తుంది. రేబిస్ వచ్చే అవకాశమున్నా మనకు వారాలు చేతిలో ఉంటాయి, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంకా మిగిలి ఉంది, కుక్క కళ్లెదుటే ఉంది. తెల్లవారుజామున నోరాడ్రినలిన్ మోతాదు పెంచడం ఆగింది, మధ్యాహ్నానికి తగ్గించగలిగాం. అది స్టెరాయిడ్ పనా, యాంటీబయాటిక్ పనా అంటే విడదీసి చెప్పలేను. మూత్రం నెమ్మదిగా మళ్లీ మొదలైంది, డయాలసిస్ అవసరం పడలేదు.

రేబిస్ సంగతి వదల్లేదు

ఐసీయూలో పెట్టిన మనిషికి టీకా తర్వాత చూద్దాంలే అనడం సులువు. అలా అనకూడదు. జ్వరం, సెప్సిస్ ఏవీ కాటు తర్వాతి రేబిస్ టీకాకి అడ్డం కావు, యాంటీబయాటిక్‌లూ అడ్డం కావు. అడ్డమొచ్చింది ప్లేట్‌లెట్లు. కండలో సూది వేస్తే లోపల రక్తం గూడుకట్టే ప్రమాదం. అందుకని మూడో రోజు డోసుని చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో, రెండు భుజాల మీద చెరోచోట వేశాం. కోర్సు మధ్యలో పద్ధతి మార్చడం మంచిది కాకపోయినా, తప్పనిసరైతే మార్చొచ్చు. ఏడో రోజు డోసూ అలాగే.

చర్మం తెగి రక్తం వచ్చిన కాటు మూడో కేటగిరీ (టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాల్సిన, అన్నిటికన్నా ప్రమాదమైన రకం) కిందికి వస్తుంది. కుక్కకి టీకాలు వేయించామని యజమాని అన్నారు గానీ కాగితం దొరకలేదు. పైగా ఇప్పుడు స్టెరాయిడ్. టీకా ప్రతిరక్షకాలు తయారయ్యేలోపు గాయం దగ్గరే వైరస్‌ని అడ్డుకునేది ఇమ్యునోగ్లోబ్యులిన్. టీకా మొదటి డోసు వేసిన ఏడు రోజుల్లోపు దాన్ని వేయొచ్చు. బీపీ కుదుటపడ్డాక, నాలుగో రోజున, మానవ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ని కిలోకి 20 యూనిట్ల లెక్క దాటకుండా, గాయంలోకీ చుట్టూ సన్న సూదితో ఎక్కించాం. బొటనవేలి దగ్గర జాగా ఇరుకు. పట్టినంతే పెట్టాలి. బలవంతంగా నింపితే వేలికి రక్తప్రసరణ దెబ్బతింటుంది.

కుక్క కరిచిన పదో రోజుకి కూడా ఆరోగ్యంగా, మామూలుగా తిరుగుతోంది. కరిచేనాటికి లాలాజలంలో వైరస్ ఉండి ఉంటే ఆ లోపు దానికి జబ్బు బయటపడేది. రేబిస్ ప్రశ్న అక్కడ ముగిసింది, మిగతా డోసులు ఆపేశాం. స్టెరాయిడ్ వాడాం కదా అని పద్నాలుగో రోజు ప్రతిరక్షకాల పరీక్ష చేయిస్తే, చాలినంత అని లెక్కించే మిల్లీలీటరుకి 0.5 యూనిట్లకి పైనే ఉంది.

తర్వాత జరిగింది

కల్చర్ సీసాలను మామూలుగా ఐదు రోజులకి తీసేస్తారు. ఇది మెల్లగా పెరిగే బ్యాక్టీరియా, రెండు వారాలు ఉంచమని ముందే ల్యాబ్‌కి చెప్పి పెట్టాం. ఆరో రోజున పెరిగింది, క్యాప్నోసైటోఫేగా కేనిమోర్సస్ అని తేలింది. వాంకోమైసిన్ ఆపేసి, మెరోపెనెమ్ నుంచి ఇరుకు మందుకి మార్చి కోర్సు పూర్తిచేశాం.

కాలివేళ్ల విషయంలో సర్జన్‌కీ మాకూ మొదట అభిప్రాయం కలవలేదు. నల్లబడ్డవాటిని వెంటనే తీసేద్దామన్నారాయన. చీము పట్టలేదు, దుర్వాసన లేదు, జ్వరం దిగుతోంది. చచ్చిన భాగానికీ బతికిన భాగానికీ మధ్య గీత తేటపడేదాకా ఆగుదామన్నాం. ఆగడం వల్ల ఐదు వేళ్ల మీద నలుపు పొరలా ఊడిపోయి కింద ఎర్రటి చర్మం కనిపించింది. ఎడమ పాదంలో రెండు వేళ్ల చివర్లు మాత్రం తీయక తప్పలేదు.

ఇంటికి పంపేటప్పుడు చెప్పినవి చాలాసేపు పట్టాయి, ఆయన భార్య కాగితం మీద రాసుకున్నారు. న్యుమోకోకస్, మెనింజోకోకస్, హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి అనే బ్యాక్టీరియా) టీకాలు ఆయనకి ఎప్పుడూ పడలేదు. పూర్తిగా కోలుకున్నాక వాటికి తేదీలిచ్చాం. ప్లీహం లేదని రాసిన కార్డు పర్సులో ఉండాలి. అమోక్సిసిలిన్-క్లావులనేట్ ఇంట్లో సిద్ధంగా ఉండాలి. వణుకుతో జ్వరం వస్తే మొదటి మోతాదు వేసుకుని, తగ్గుతుందేమోనని చూడకుండా అదే గంటలో ఆసుపత్రికి రావాలి. కుక్క గానీ పిల్లి గానీ మళ్లీ కరిచినా, గీరినా, పుండు మీద నాకినా, బాగానే ఉన్నా సరే అదే రోజు చూపించుకోవాలి.

ఈ కేసు నేర్పినవి

జంతువు కరిచినప్పుడు రెండు ప్రశ్నలు వేరువేరుగా వేసుకోవాలి. రేబిస్ రాకుండా ఏం చేయాలన్నది ఒకటి, బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ రాకుండా ఏం చేయాలన్నది రెండోది. రేబిస్ టీకా రెండోదానికి ఏమాత్రం పనికిరాదు. టీకా పడింది కదా అన్న నిశ్చింతలోనే ఈయనకి ఒక రాత్రి పోయింది.

రెండిటికీ పనికొచ్చేది కడగడం. సబ్బుతో, ధారగా పడే నీటి కింద, పదిహేను నిమిషాలు. గడియారం చూసి కడిగితే పదిహేను నిమిషాలంటే ఎంతో తెలుస్తుంది, చాలామంది ఒక నిమిషంలో ముగిస్తారు. ఆ తర్వాత అయోడిన్ లాంటి క్రిమిసంహారకం. మంట పుట్టించేవేవీ గాయానికి రాయొద్దు, బిగించి కట్టొద్దు. డాక్టర్లు కూడా పంటిగాట్లని తొందరపడి కుట్టకూడదు.

యాంటీబయాటిక్ అందరికీ అక్కర్లేదు. చెయ్యి, ముఖం, కీళ్ల దగ్గర కాట్లు, లోతైన పోట్లు, పిల్లి కాట్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, ప్లీహం లేనివాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు, వీళ్లకి గాయం బాగానే కనిపించినా మూడు నుంచి ఐదు రోజులు అమోక్సిసిలిన్-క్లావులనేట్ ఇవ్వాలి. పిల్లి పళ్లు సూదుల్లా లోతుకి దిగుతాయి, పైన కనబడేది చుక్కంతే, కుక్కకాట్ల కన్నా ఎక్కువ శాతం చీముపడతాయి. పెన్సిలిన్ పడనివాళ్లకి డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ కలిపి ఇవ్వొచ్చు. సెఫలెక్సిన్, ఎరిత్రోమైసిన్ లాంటివి పాస్చురెల్లా మీద సరిగా పనిచేయవు, కాటుకి వాటిని రాసిన చీటీలు ఇప్పటికీ చూస్తుంటాను.

ఒంట్లో బాగోలేదని వచ్చినవాళ్లని, కరిచి ఎన్నాళ్లయింది, ఏ జంతువు అని అడిగితే సగం దారి తెలుస్తుంది. ఒక్క రోజులో గాయం ఉబ్బి సలుపుతుంటే పాస్చురెల్లా. ఒకటి నుంచి పద్నాలుగు రోజుల్లోపు, గాయం మామూలుగా ఉండి వణుకు జ్వరం వస్తే క్యాప్నోసైటోఫేగా. ఎలుక కరిచిన మూడు నుంచి పది రోజులకి, గాయం మానిపోయాక జ్వరం, కీళ్లనొప్పులు, అరచేతుల్లో అరికాళ్లలో దద్దుర్లు వస్తే ఎలుకకాటు జ్వరం. పిల్లి గీరిన ఒకటి నుంచి మూడు వారాలకి చంకలో బిళ్లకడితే బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా. దవడ బిగుసుకుంటే ధనుర్వాతం. వారాలు, నెలలు గడిచాక పాత కాటు దగ్గర తిమ్మిరి, మంట, దురద మొదలై, నీళ్లు మింగలేకపోవడం, గాలి తగిలితే ఉలిక్కిపడటం వస్తే రేబిస్, అప్పటికి చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టే దానికి జాగ్రత్త కాటు పడిన రోజునే.

వణుకు, చల్లబడ్డ చేతులు కాళ్లు, గాజుగ్లాసు అదిమి చూసినా చెరగని మచ్చలు, మూత్రం తగ్గడం, మాట మందగించడం, వీటిలో ఒక్కటి కనిపించినా రేపటి డోసు దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. తీసుకెళ్లినవాళ్లు జంతువు కరిచిన సంగతి, ఆపరేషన్ల సంగతి అడక్కముందే చెప్పాలి.

మా టీకా గదిలో కాటు రిజిస్టర్‌కి ఇప్పుడు రెండు గడులు చేర్చాం: ప్లీహం తీసేశారా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారా. రెండో డోసుకి వచ్చినవాళ్లకి సూది వేసే ముందు జ్వరం, నాడి, బీపీ చూస్తున్నారు. టీకా జ్వరం అని రాయాలంటే ఆ మూడూ చూసి, గాయం కట్టు విప్పి చూసి, అప్పుడే రాయాలన్నది ఆ గదిలో నియమం.